తమ్ముడి పలక

నిన్న మా తమ్ముడు బజారుకెళ్లి కందిపప్పు, ఉప్పు, సబ్బులు తెచ్చాడు. చీటీ రాసిచ్చాను కాబట్టి మూడూ వచ్చాయి. నోటితో చెబితే నారాయణఖేడ్ బస్టాండు దాటేలోగా రెండు మర్చిపోతాడు. వాడికిప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

మా పుట్టిల్లు మెదక్ వైపు, మంజీర నీళ్లతో వరి పండే ఊరు. వాడికి ఆరేళ్లప్పుడు వానాకాలం చివర్లో జ్వరమొచ్చింది. మూడో రోజు ఫిట్స్. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు కళ్లు తెరవలేదు. మెదడువాపు అన్నారు. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ వాడకట్టంతా బెల్లం పంచింది. గండం గడిచిందనుకున్నాం.

బడికి పోవడం మొదలయ్యాక తెలిసింది. నిన్న దిద్దిన అక్షరం వాడికి ఇవాళ కొత్తది. గుణింతాలు నేర్పే పని నాది. నాకప్పుడు పన్నెండేళ్లు. "యాదికొస్తలేదక్కా" అనేవాడు. నాటకాలాడుతున్నాడని పలక అంచుతో వేళ్ల మీద కొట్టేదాన్ని. "జ్వరం పోయి ఏడాదాయె, ఇంకేం రోగం?" అని నాయిన బెత్తం తీసేవాడు.

మొన్న దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి, మైక్రోబయాలజీ చదువుతోంది, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ పాఠం నాకు చెప్పింది. పేరులో జపాన్ ఉన్నా, మన దేశంలో 1955లోనే వెల్లూరు ప్రాంతంలో గుర్తించారట. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. వరిమడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి ఈ వైరస్‌ను తెచ్చి మనిషికి ఎక్కిస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. మెదడుకెక్కితేనే ప్రమాదం.

తర్వాత అది చెప్పిన మాట దగ్గర నేను ఆగిపోయాను. మన ఇళ్లల్లో జొన్నలు ఎన్ని పండినా విత్తనానికని కొన్ని వేరే మూట కట్టి దాస్తాం కదా. మెదడులోనూ అలాంటి విత్తనాలుంటాయి. వాటిని నాడీ మూలకణాలంటారు. అవి విభజన చెందుతూ కొత్త నాడీకణాలనిస్తాయి. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో వాటికి పని ఎక్కువ. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు 2008లో ఎలుకపిల్లల మీద చేసిన పరిశోధనలో, ఈ వైరస్ సరిగ్గా ఆ కణాల్లోకే దూరుతుందని తేలింది. వాటిలో చాలా కణాలు చావలేదు, కానీ విభజన మందగించింది. మూట ఉంది, మొలక రాదు.

రెండో దెబ్బ మన ఒంటి రక్షణ నుంచే. మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలుంటాయి. వైరస్‌ను చంపడానికి అవి వదిలే రసాయనాలు పక్కనున్న మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. అడవిపందుల్ని తరమబోయి మన చేను మనమే తొక్కుకున్నట్టు. ఆ రక్షణే లేకపోతే బిడ్డ దక్కడు, అదీ నిజమే.

మా తమ్ముడి తలలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. ఎలుకల సంగతి వాడికి అచ్చంగా అతికించలేను. ఒకటి మాత్రం అర్థమైంది. జ్వరం దిగడం వేరు, మెదడు కోలుకోవడం వేరు. మేం మొదటిదే చూసి రెండోదాని కోసం వాణ్ణి కొట్టాం.

ఇప్పుడు టీకా ఉంది. కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్‌తో హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్లు జెన్‌వాక్ టీకా చేసి 2013లో తెచ్చారు. ఈ జబ్బున్న జిల్లాల్లో ప్రభుత్వమే పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, ఏడాదిన్నర వయసులో మరొకటి వేయిస్తుంది. మీ ఊరి ఏఎన్ఎమ్మును అడగండి. జ్వరంతో ఫిట్స్ వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇంటికొచ్చాక బిడ్డ చదువులో వెనకబడితే బెత్తం కాదు, డాక్టరు దగ్గరికి.

అమ్మాయి వెళ్లిపోయాక తమ్ముణ్ణి అడిగాను, "పలకతో కొట్టింది యాదున్నదారా?" అని. మర్చిపోయుంటాడనే ధైర్యంతో అడిగాను.

"ఉన్నది గదక్కా" అని కుడిచేయి చాపి చూపించాడు.

ఆ చేయి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత వాడే చీటీ అడిగాడు, పాలకు పోవాలని.