జీటా సంతకు మూడు ప్రయాణాలు

ఈ సంచికకు యాత్రా వ్యాసం ఒకటి కావాలని సంపాదకులు అడిగినప్పుడు, ఈమధ్య నేను చూసివచ్చిన చోటు గురించే రాస్తానన్నాను. ఆ చోటికి బరంపురం నుంచి రైలు లేదు, బస్సూ లేదు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దసరా సెలవులకు వచ్చి, తన కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టుకుని, వారం రోజులు తిప్పి చూపించాడు. ఐస్‌లాండు రాజధాని రెక్యావిక్‌లోని సీసీపీ అనే సంస్థ 2003లో మొదలుపెట్టిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆటలోని అంతరిక్షం అది. పేరు న్యూ ఈడెన్. అక్కడ చెలామణీ అయ్యే నాణేన్ని ‘ఇస్క్’ అంటారు. ఐస్‌లాండు క్రోనాకు బ్యాంకులు వాడే సంకేతాక్షరాలు కూడా అవే!

ఆటల మీద నాకు మోజు లేదు. అయితే ముప్పై ఏళ్ళుగా పరాయి సొమ్ముకు కాపలా కాస్తున్న మనిషిని కనుక, ఆ లోకంలో నా కంటికి మొదట ఆనింది ప్రతి నక్షత్రం పేరు పక్కనా ఉన్న చిన్న అంకె. అది భద్రత అంకె. 1.0 నుంచి 0.5 వరకు ఉన్నవి పోలీసు పహరా ఉన్న చోట్లు. 0.4 నుంచి 0.1 వరకు అంతంతమాత్రం. సున్నా, అంతకంటే కింద ఉన్నచోట ఎవరి బలం వారిదే. ఖరీదైన ఖనిజాలూ పెద్ద లాభాలూ చాలావరకు ఆ కింది అంకెల్లోనే దొరుకుతాయి. డిపాజిట్‌కూ షేర్లకూ ఉన్న తేడాలాంటిదే ఇదీ అనుకున్నాను.

కాని ఆ పోలీసుల పద్ధతి తెలిశాక నా అంచనా మారింది. వాళ్ళను కాంకార్డ్ అంటారు. వాళ్ళు దాడిని ఆపరు. దాడి చేసినవాడిని తరవాత శిక్షిస్తారు. 1.0 చోటయితే ఆరేడు సెకన్లలో వచ్చి వాడి ఓడను పేల్చేస్తారు. 0.5 చోట ఇరవై సెకన్ల దాకా పడుతుంది. ఆ వ్యవధిలో పదిమంది కలిసి ఒక సరకు ఓడను బూడిద చేయగలరు. దాడి చేసినవాళ్ళ ఓడలు పోవడం ఖాయమే. అయినా లెక్క చూడండి. వాళ్ళ ఓడలన్నిటి ఖరీదూ 20 కోట్ల ఇస్క్ అనుకుందాం. మీ ఓడలో 100 కోట్ల సరకుంది. ఓడ పేలితే అందులోని ప్రతి వస్తువూ మిగలడానికీ నశించడానికీ సమానావకాశం. సగటున సగం మిగులుతుంది. ఒక కూటగాడు వచ్చి 50 కోట్లు ఏరుకుపోతాడు. 30 కోట్లు లాభం! పైగా మీ ఓడలో ఏముందో బయటినుంచే చూసే పరికరం వాళ్ళ దగ్గర ఉంటుంది.

అంటే ఆ భద్రత అంకె చెప్పేది దొంగ ఉన్నాడా లేడా అని కాదు, దొంగతనానికి ఎంత ఖర్చవుతుందో చెబుతుంది. ఆ ఖర్చుకు మించిన సొమ్ము ఓడలో లేకుండా చూసుకోవడం ప్రయాణికుడి పని. మా శాఖల్లో రాత్రి ఉంచదగిన నగదుకు పరిమితి పెట్టేదీ ఇందుకే. తుపాకీ ఉన్న గార్డు ఉన్నాడు కదా అని ఆ పరిమితిని ఎవరూ ఎత్తివేయరు.

మావాడికి అప్పుడే ఒక అవసరం వచ్చిపడింది. ఎనిమిది నెలలుగా కూడబెట్టిన సరకు, సుమారు 240 కోట్ల ఇస్క్ విలువది, డోడిక్సీ అనే చోట ఉంది. అందులో సగం అతని స్నేహితులది. దాన్ని జీటాకు చేర్చాలి. జీటా ఆ లోకానికంతటికీ పెద్ద సంత. వేయిమందికి పైగా జనం ఉండడం అక్కడ మామూలు. దారి సుమారు పదిహేను మజిలీలు. అన్నీ పహరా ఉన్నవే. అయితే నడుమ ఉయెడామా అనే 0.5 చోటు ఉంది. దారి దోపిడీలకు పేరుమోసిన చోటు అది.

“ఒక్కసారే వేసుకుపోతే ఈ సాయంత్రంతో అయిపోతుంది మావయ్యా” అన్నాడు. మూడుసార్లుగా తీసుకెళ్ళమన్నాను. మూడు సాయంత్రాలు పోతాయని గొణిగాడు. కాలానికీ ఖరీదు ఉంది, నిజమే. కాని పోతే పోయేది స్నేహితుల సొమ్ము కూడా కదా! “పండక్కి వచ్చిన పిల్లాడికి సరకు రవాణా నేర్పుతున్నారా?” అని మా ఆవిడ నవ్వింది.

1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ మజిలీలో దారి ఎలా ఉందో రాసిపెట్టారు. తిరుగు ప్రయాణంలో మన గంజాం మీదుగానే వచ్చారు కూడా. ఈ పిల్లలూ అంతే. మావాడి స్నేహితుడొకడు చిన్న ఓడలో ముందుగా వెళ్ళి, ఉయెడామాలో ఎవరు కాచుకుని ఉన్నారో కబురు చెప్పేవాడు. మావాడు స్వయంగా నడిపాడు. ఓడను ఆటోపైలట్‌కు వదిలేస్తే అది ప్రతి ద్వారానికీ కొంత దూరం ఇవతల దిగి, మెల్లగా పాక్కుంటూ పోతుంది. టీ తాగడానికి లేచివెళ్ళినవాడి ఓడే ముందు పేలుతుందట.

రెండో రోజు ఉయెడామా ద్వారం దగ్గర పెద్ద ఓడ ఒకటి కాలుతూ కనిపించింది. ఎవరిదో తెలియదు. మావాడి చేయి మౌస్ మీద బిగుసుకుంది. మేం దాని పక్కనుంచే వెళ్ళాం. మమ్మల్ని ఎవరూ తాకలేదు. 80 కోట్ల సరకు వాళ్ళ లెక్కకు చాలలేదో, అప్పటికే వాళ్ళ ఓడలు ఖర్చయిపోయాయో చెప్పలేను. సరదాకు పేల్చేవాళ్ళు కూడా ఉంటారట. వాళ్ళు ఏ లెక్కకూ లొంగరు.

మూడో రోజుకు సరకంతా జీటా చేరింది, అమ్ముడుపోయింది. అసలు ప్రమాదం అక్కడ కాచుకుని ఉంది. సంతలో ఎటు చూసినా ‘డబ్బు పంపండి, రెట్టింపు చేసి ఇస్తాం’ అనే ప్రకటనలే. ఒకడు నెలకు ఐదు శాతం వడ్డీ ఇస్తానన్నాడు. ఆ లోకంలో బ్యాంకులు కూడా వెలిశాయని అప్పుడే తెలిసింది. ఈబ్యాంక్ అని ఆటగాళ్ళే నడిపిన బ్యాంకు ఒకటి ఉండేది. 2009లో దాని అధిపతే 20 వేల కోట్ల ఇస్క్ తీసుకుని, నిజమైన డబ్బుకు అమ్మి, ఇంటికీ కొడుకు వైద్యానికీ వాడుకున్నాడు. డిపాజిటర్లు ఎగబడ్డారు. కంపెనీ అతన్ని ఆటనుంచి తొలగించింది, దొంగతనానికి కాదు, ఇస్క్‌ను బయట అమ్మినందుకు! ఆటలో నమ్మకద్రోహం నేరం కాదు. నక్షత్రాలకు ఉన్న భద్రత అంకె మనుషులకు లేదన్నమాట.

“ఐదు శాతం వాడు ఎవరో తెలుసునా?” అని అడిగాను. తెలియదన్నాడు. “వాడి లెక్కలు ఎవరైనా తనిఖీ చేస్తారా?” నవ్వి ఊరుకున్నాడు. స్నేహితుల వాటా ఆ రాత్రే పంచేశాడు. తన వాటాతో ఇంకో ఓడ కొని, బీమా చేయించాడు. ఆ బీమా ఓడకు మాత్రమే వర్తిస్తుంది, సరకుకు కాదు. గడువు పన్నెండు వారాలు. ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోమన్నాను.