గాలి చూశావా?

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. తెల్లారితే రేసు. నంబరు కాగితాన్ని టీషర్టుకి పిన్నీసులతో గుచ్చుకున్నాను. హెల్మెట్, నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. అలారం మూడు ఫోన్లలో పెట్టాం. (నా రూమ్మేట్లిద్దరికీ రేసుతో సంబంధం లేదు, టెన్షన్ మాత్రం నాకంటే వాళ్ళకే ఎక్కువ.) పడుకునే ముందు సైకిల్ ఒకసారి చూసుకుందామని కారిడార్‌లోకి వెళ్తే, వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది.

సైకిల్ నాది కాదు. ఫైనలియర్ అన్నని బతిమాలి తెచ్చుకున్న గేర్ల సైకిల్. మూడు వారాలుగా దాని మీదే ప్రాక్టీసు. మాది తణుకు పక్కన పల్లె. అక్కడ కాలవగట్టు మీద ఎంత దూరం తొక్కినా ఎత్తు అనేది తగలదు. వైజాగ్ బీచ్ రోడ్డు అలా కాదు. మొదటిరోజు తెన్నేటి పార్కు దగ్గర ఎక్కలేక, దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. అది దాటాం కదా అనుకుంటే సాగర్‌నగర్ దగ్గర సముద్రపు గాలి ఎదురొచ్చింది. ఎత్తు రాకముందే గేరు తగ్గించాలనీ, బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను గోలపెడుతుందనీ తెలియడానికి వారం పట్టింది.

"ఈ టైములో షాపు ఎక్కడుంటుంది మామా?" అన్నాడు ఒకడు ఫోన్లో వెతుకుతూ. "డ్రాప్ అయిపోరా" అన్నాడు రెండోవాడు.

పంచరు వేయడం నాకొచ్చు. ఆరో తరగతి నుంచీ వచ్చు. సమస్య అది కాదు.

మా నాన్నకి సైకిల్ షాపు. షాపంటే కొత్త సైకిళ్ళు అమ్మేది కాదు. చెట్టు కింద రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి, పంపు, మేకులకి వేలాడే పాత టైర్లు. కాలేజీలో చేరిన రోజు ఫారంలో 'తండ్రి వృత్తి' దగ్గర నా పెన్ను ఆగితే, "బిజినెస్ అని రాయరా, గాలి అమ్ముతున్నాం కదా" అని నాన్నే నవ్వాడు. ఆయనది జోకు. నేను మాత్రం రెండేళ్ళుగా దాన్ని నిజంగానే వాడుకుంటున్నాను. ఏం బిజినెస్ అని అడిగినవాళ్ళకి "ఆటోమొబైల్ సైడ్" అని కూడా చెప్పాను. ఇది టైప్ చేస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

బాత్రూం బకెట్ తెమ్మన్నాను. అన్న ఇచ్చిన సంచీలో ప్యాచ్‌లు, సొల్యూషన్, చిన్న పంపు ఉన్నాయి. చక్రం విప్పి, ట్యూబు లాగి, గాలి కొట్టి నీళ్ళలో ముంచితే బుడగలొచ్చాయి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఆగాను. "అతికించెయ్, ఏం చూస్తున్నావ్?" అంటారు వీళ్ళు. తడి ఆరకుండా అంటిస్తే ప్యాచ్ నిలవదు. షాపులో ఆ కాసేపట్లోనే మా నాన్న టీ తాగేస్తాడు.

ట్యూబు ఎక్కించబోతుంటే ఫోన్ మోగింది. నా చేతులు ఖాళీ లేవని రూమ్మేట్ ఎత్తి స్పీకర్ ఆన్ చేసేశాడు.

"చిన్నా, గాలి చూశావా?"

"పంచరైంది నాన్నా. ప్యాచ్ వేశా."

"టైరు లోపల తడిమావా?"

తడమలేదు. వేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పితే గుచ్చుకుంది. సన్నటి ఇనుప తీగ ముక్క.

"ఎన్నిసార్లు చెప్పాను షాపులో! ముల్లు తియ్యకుండా ట్యూబెక్కిస్తే, వచ్చినోడు గంటలో తిట్టుకుంటూ మళ్ళీ మన దగ్గరికే వస్తాడు." ఇక ఆగలేదు. టైరు పక్కన రాసి ఉండే అంకె ఆఖరి హద్దు, అంతదాకా కొట్టకు. చైనుకి నూనె వేస్తే పైన గుడ్డతో తుడిచెయ్, లేకపోతే బీచ్ ఇసకంతా దానికే పడుతుంది. సీటు మాత్రం ఈ రాత్రి కదపకు, ఇన్నాళ్ళూ తొక్కిన ఎత్తులోనే ఉండనీ. "కొత్తవేమీ తినకు, పెరుగన్నం తిని పడుకో."

ఫోన్ పెట్టేశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"ఆటోమొబైల్ సైడ్ అన్నావ్ కదరా?"

"సైకిల్ షాపు. పంచర్లేస్తాడు" అన్నాను చక్రం బిగిస్తూ. వాళ్ళు నవ్వారు. అది ఎలాంటి నవ్వో తల ఎత్తి చూడలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోవడానికి రేసు ఒక్కటే కారణం కాదు.

నాలుగున్నరకి లేచి ముందు టైరు నొక్కాను. గట్టిగానే ఉంది. అరటిపళ్ళు తిన్నాను. బాత్రూంకి నాలుగుసార్లు వెళ్ళాను. చీకట్లోనే కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరికి చేరాం, రూమ్మేట్లు స్కూటీ మీద. అక్కడున్న సైకిళ్ళు చూస్తే గుండె జారింది. పెడల్‌కి అతుక్కునే బూట్లు వేసుకున్నవాళ్ళు చాలామంది. నావి పీటీ క్లాసు బూట్లు.

పక్కవాడి వెనక చక్రం కిర్రు కిర్రుమంటోంది. బ్రేకుకి రాసుకుంటోంది. పాపం, ముఖం పాలిపోయి ఉంది.

"మామా, మీ నాన్నకి ఫోన్ కొట్టనా?" అన్నాడు మా రూమ్మేట్, అందరికీ వినపడేలా.

అక్కర్లేదన్నాను. చక్రం ఒక పక్కకి బిగిసింది, అంతే. లివర్ వదులు చేసి, మధ్యకి తెచ్చి, మళ్ళీ బిగించి తిప్పి చూపించాను. చప్పుడు లేదు.

"షాపుందా బ్రో?" అన్నాడతను.

"మా నాన్నకుంది. తణుకు పక్కన."

ముందు ఎవరో మైకులో నంబర్లు పిలవడం మొదలుపెట్టారు. వంగి, బొటనవేలితో నా వెనక టైరు ఇంకోసారి నొక్కి చూసుకున్నాను.