మాత్రను నూరే ముందు ఒక ప్రశ్న

తాయెత్తు కట్టించుకోమంటే వంద ప్రశ్నలు వేసే మనం, ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర దగ్గర మాట్లాడం. అది సైన్సు కదా అని ధీమా. కాని కారణం తెలియకుండా చేసే పని ఆసుపత్రిలో జరిగినా తంతే అవుతుంది.

నేను బి.కాం. చదివి, రక్షణశాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ని. వైద్యుణ్ని కాను. పక్షవాతం వచ్చి మింగలేని మా అన్నయ్యకు ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు ద్వారానే మందులిచ్చేవారు. ఒకరోజు నర్సింగ్ విద్యార్థిని రక్తపోటు మాత్రను కల్వంలో వేసి నూరబోతోంది. అట్టమీద నిఫెడిపిన్ రిటార్డ్ అని ఉంది.

"రిటార్డ్ అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"తెలీదు అంకుల్. ట్యూబు ఉన్నవాళ్లకు అన్నీ నూరే ఇస్తాం" అంది.

రిటార్డ్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. మా లెక్కల భాషలో, ఏడాది గ్రాంటును నెలనెలా ఖర్చుపెట్టే ఏర్పాటు. నూరితే గ్రాంటంతా ఏప్రిల్‌లోనే అయిపోయినట్టు. నిఫెడిపిన్ ఒక్కసారిగా రక్తంలో చేరితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ తర్వాతి గంటలకు మందు చాలదు. పాంటోప్రజోల్ మాత్రది మరో సంగతి. కడుపులోని ఆమ్లానికి ఆ మందు పాడవుతుంది కనుక పైన పూత వేస్తారు. నూరితే పూత పోతుంది, మందు వృథా.

మందు ఇచ్చేముందు అయిదు సరిచూడాలని నర్సింగ్‌లో నేర్పుతారు: రోగి, మందు, మోతాదు, మార్గం, వేళ. ఆ అమ్మాయి అయిదూ చూసింది. మాత్ర ఏ రకం అన్న ప్రశ్న ఆ అయిదులో విడిగా లేదు. ఓచరులో సంతకం, తేదీ, మొత్తం సరిగ్గా ఉన్నా ఖర్చే తప్పయినట్టు!

పోనీ, ఎస్.ఆర్., సి.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉంటే ముట్టుకోవద్దని బట్టీ పట్టిస్తే? అదీ చాలదు. గీత ఉన్న మెటోప్రొలాల్ సక్సినేట్ మాత్రలు కొన్నిటిని సగానికి విరవొచ్చు, నూరకూడదు. మరోవైపు కొన్ని మామూలు మాత్రల పేర్ల చివర ఏ అక్షరాలూ లేకపోయినా పూత ఉంటుంది. ఎందుకు అన్నది తెలిస్తేనే ఈ తేడాలు పట్టుబడతాయి.

ఆ అమ్మాయి కల్వం పక్కన పెట్టి డ్యూటీ డాక్టరును అడిగింది. ఆయన మందు మార్చారు. ఆమెను తప్పుపట్టను. "అన్నీ నూరే ఇస్తాం" అని నేర్పినవాళ్లు "ఎందుకు" అని అడగడం కూడా నేర్పాల్సింది.

మీ ఇంట్లో మింగలేని పెద్దవాళ్లుంటే ఫార్మసిస్టును ఒక్కమాట అడగండి: "దీన్ని నూరవచ్చా? నూరకూడదంటే బదులు ఏముంది?" హేతువాదం దేవుడి దగ్గరే కాదు, మందుల డబ్బా దగ్గరా పనికొస్తుంది.