పెనుకొండలో కొరియా పూటకూళ్లు

పెనుకొండ అనగానే మనకు కోట, గగనమహలు, బాబయ్య దర్గా జ్ఞాపకం వస్తాయి. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర ప్రభువులు వచ్చి కొలువుతీరింది యిక్కడే. ఇప్పుడు ఆ వూళ్లో కొరియా భోజనం కూడా దొరుకుతుంది!

అక్కడికి దాపున ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. కర్మాగారంతో కొరియా ఇంజనీర్లు వచ్చారు. వాళ్ల వెనుకనే వాళ్ల అన్నమూ వచ్చింది.

మా రొళ్ల నుంచి మడకశిర మీదుగా పెనుకొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. హోటలంటే మేడ కాదు. ఆరు బల్లల గది. కూర్చోగానే, అడగకుండానే, బల్లనిండా చిన్న చిన్న గిన్నెలు పేర్చారు. మొలకలు, ముల్లంగి, సముద్రపు నాచు, కిమ్చీ. వీటిని 'బంచన్' అంటారు. అయిపోతే మళ్లీ తెస్తారు, లెక్క కట్టరు. మన పెళ్లిపంక్తి మర్యాదే ననుకోండి!

కిమ్చీ అంటే క్యాబేజీని వుప్పులో వూరవేసి, మిరపపొడి, అల్లం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన పచ్చడి. అందులో తరచు రొయ్యలో చేపలో చేరతాయి గనుక శాకాహారులు ముందే అడగటం మంచిది. ఆ కారం చూసి మనకు చుట్టమనిపిస్తుంది గాని, మిరప మనదీ కాదు, వాళ్లదీ కాదు. అమెరికా నుంచి పోర్చుగీసువారు మనకు తెచ్చారు. జపాను నుంచి తమకు వచ్చిందని 1614 నాటి కొరియా గ్రంథం ఒకటి చెబుతుంది. ఇక లోహపు పుల్లలతో తినటం మనవల్ల అయ్యే పని కాదు. అదృష్టవశాత్తు కొరియావారు అన్నానికి చెంచానే వాడతారు, పరువు దక్కింది.

వంట చేసేది కొరియా ఆవిడే ననుకున్నాను. తీరా చూస్తే మనమ్మాయి!

"ఏ వూరు తల్లీ?"

"అగళి సార్."

లోగడ బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టేదట. పండక్కి తప్ప యిల్లు చూసేది కాదు. ఇప్పుడు వారం వారం పోయివస్తున్నది. పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టదు.

"మరి రుచి యెట్లా తెలుస్తుందమ్మా?"

"తినేవాళ్ల మొగం చూస్తా సార్. రెండో గిన్నె అడగకపోతే యేదో తక్కువైనట్టే."

పని మనవాళ్లకు పట్టుబడినకొద్దీ కొరియావాళ్లు ఒక్కొక్కరే తిరిగిపోతున్నారని, రాత్రిపూట రెండుమూడు బల్లలు ఖాళీగా వుంటున్నాయని మెల్లగా చెప్పింది.

"అయితే సంగటి, వూరుబిండి కూడా పెట్టమను మీ యజమానిని," అన్నాను.

"సంగటి కోసం యింత దూరం యెవరొస్తారు సార్!" అని నవ్వి, నేనడక్కుండానే ముల్లంగి గిన్నె మళ్లీ నింపింది.