గద బరువు

మా అక్క కొడుకు సెలవులకు హనుమకొండ వచ్చాడంటే ఇంట్లో వస్తువులకు కాళ్లొస్తాయి. పాత పేపర్లు, అక్క దాచుకున్న నూలు చీర, ఎండాకాలం చింతపండు కొట్టగా మిగిలిన గింజలు అన్నీ మేడెక్కుతాయి. వాడు హైదరాబాదులో శిల్పం చదువుతున్నాడు. బీఎఫ్ఏ. చదివేది శిల్పమైనా వాడి మనసంతా సినిమావాళ్లు, నాటకాలవాళ్లు ‘ప్రాపర్టీలు’ అనే వాటి మీదే. "రాళ్లు చెక్కే సదువని పంపితే గీ గదలేందిరా?" అంటుంది అక్క.

మొన్న దసరాకు భీముడి గద మొదలుపెట్టాడు. థర్మాకోల్ దిమ్మను కత్తితో గుండ్రంగా చెక్కి, చింతగింజల అంబలిలో నానిన కాగితం ముక్కలు నాలుగు పొరలు అంటించాడు. మూడు రోజులు ఎండబెట్టి, సుద్ద పూసి, గరుకు కాగితంతో రుద్దాడు. నేను ఉత్సాహపడి బంగారు రంగు డబ్బా మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముందు మొత్తం నలుపు కొట్టాలట. అది ఆరాక బ్రష్షును బంగారు రంగులో ముంచి, గుడ్డకు దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన కాస్త తడితో ఉబ్బెత్తుల మీద మాత్రం తాకీ తాకనట్టు రాశాడు. గాడుల్లో నలుపు అలాగే ఉండిపోయింది. చూస్తుండగానే థర్మాకోల్ కాస్తా ఏళ్లతరబడి గుళ్లో దీపాల పొగ తాగిన ఇత్తడి అయిపోయింది.

"మామా, ఒక్కసారి లేపి సూడు."

నడుం బిగించి రెండు చేతులా లేపాను. వెనక్కి పడబోయాను.

బడిలో చదువుకునే రోజుల్లో నేనూ భీముణ్ణే. మా గద ఎండిన సొరకాయ బుర్ర, దాని మీద వెండి కాగితం. దుర్యోధనుడి తొడ మీద కొట్టగానే అది పగిలి వేదికంతా గింజలు రాలాయి. దుర్యోధనుడు నవ్వుతూ ప్రాణాలు విడిచాడు. ఈ కథ చెబితే మేనల్లుడు నవ్వలేదు. "గింజలదేముంది మామా, నువ్వు దాన్ని విసనకర్రలా ఊపి ఉంటవ్. తప్పు ఆడుంది" అన్నాడు. గద తేలిగ్గా ఉండాలి, బరువు మోసేవాడి భుజంలో కనబడాలి. అదీ వాడి సిద్ధాంతం.

సురభి నాటకాలవాళ్లకు ఈ సంగతి 1885 నుంచీ తెలుసు. కడప జిల్లాలో ఒక పల్లె పేరు పెట్టుకుని బయల్దేరిన ఆ కుటుంబాలు తీగలతో, తెరలతో బాణాలను గాల్లోనే ఢీకొట్టించి మెరుపులు పుట్టిస్తారు. పక్క తెర చాటున తీగ లాగేది ఎవరి మేనమామో, ఎవరి పెదనాన్నో. అక్కడ సీటు పుట్టుకతోనే వస్తుంది. మావాడికి ఎంట్రన్సు రాయక తప్పలేదు.

చింతగింజల కిటుకు మాత్రం వాడికి క్లాసులో దొరకలేదు, చేర్యాలలో దొరికింది. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా చేర్యాల మా వరంగల్ జిల్లాదే (ఇప్పుడు సిద్దిపేటది, మాకింకా మనసొప్పదు). అక్కడి నకాషీలు గింజలను నానబెట్టి, రుబ్బి, వండి, ఆ జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. మాస్కులు దానితోనే. కథకులు ఊరూరా విప్పి పాడే బొమ్మల పటాలకూ గుడ్డ మీద పూత అదే జిగురుతో పడుతుంది. దేవుళ్లనూ రాక్షసులనూ చుట్టచుట్టి భుజాన మోసుకుపోవాల్సినవాడికి బరువు పనికిరాదు కదా.

రామప్పకు తీసుకెళ్లింది కూడా వాడే. నేను ఎన్నోసార్లు చూసిన గుడే. ఎప్పుడూ నల్లరాతి మదనికల దగ్గరే ఆగిపోయేవాణ్ణి. వాడు నా గడ్డం పట్టి పైకెత్తి విమానం చూపించాడు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి కింద అంతా రాయి, పైన శిఖరం మాత్రం ఇటుక. ఆ ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. కింద నిలబడ్డవాడికి కొండంత బరువు కనబడాలి, స్తంభాల మీద మాత్రం అది పడకూడదు. "గిది గద కాదా మామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా శిల్పాల గురించే మాట్లాడుకున్నాం. ఇటుక గురించి ఇంకొంచెం మాట్లాడుకోవాల్సింది.

దీనికి తిరగేసిన కథ యాదగిరిగుట్టలో ఉంది. సినిమా సెట్లు వేసే కళాదర్శకుడు ఆనంద్ సాయి అక్కడ అసలు నల్లరాతి గుడికే రూపకల్పన చేశాడు. 2022 మార్చిలో తలుపులు తెరిచారు. హైదరాబాద్ బస్సు గుట్ట దారికి వచ్చినప్పుడల్లా మావాడు అటు తిరిగి దండం పెడతాడు. దేవుడికో, ఆర్ట్ డైరెక్టర్‌కో నేనింకా అడగలేదు.

గద ఇప్పుడు మా అటక మీద ఉంది. అక్క దాన్ని కూరగాయల కాంటా మీద పెట్టి తూచింది. 640 గ్రాములు. అందులో తన చింతగింజలు ఎన్నో ఇంతవరకు లెక్క తేలలేదు.