నాయిన బండి... రామప్ప దాకా!

దసరా దగ్గరపడితే వరంగల్‌లో రెండు చోట్ల ఊపిరి సలపదు. ఒకటి పూల బజారు. రెండోది మోటార్‌సైకిల్ మెకానిక్ షెడ్డు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎంత అవసరమో, ఆయుధపూజ నాటికి ఇంట్లో బండి నడవడమూ అంతే అవసరం మరి! హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పండక్కి వచ్చిన కొడుకులు వసారాలో గోనెపట్టా కింద పడున్న తండ్రి బండిని బయటికి లాగుతారు. కిక్కు మీద కిక్కు కొడతారు. చెమటలు పడతాయే తప్ప బండి పలకదు. ఇక తోసుకుంటూ షెడ్డుకు రావడమే.

హంటర్ రోడ్డు వైపున్న ఓ రేకుల షెడ్డు ముందు అలాంటి బండే కనిపించింది. యెజ్డీ రోడ్‌కింగ్! మైసూరులో తయారై ఒకప్పుడు రోడ్లను ఏలిన బండి. 1996లో ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. 2022లో అదే పేరుతో కొత్త బండ్లు వచ్చాయి కానీ వాటి సంగతి వేరు. పాతదానిలో గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది. తెలియనివాడు కిక్కు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఈ బండి ఓ బడిపంతులిది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వసారాలో నిలబెట్టారు. మళ్లీ తీయలేదు. ఆయన పోయాక పాతసామాన్ల వ్యాపారి తూకానికి అడిగాడట. కొడుకు సరేననేవాడే, తల్లి అడ్డం పడింది. "మీ నాయిన బండిని కిలోల లెక్క అమ్ముతవా బిడ్డా? ఒక్కసారి నడిపిచ్చి సూడు. నడవకుంటే నీ ఇష్టం" అంది. దసరా లోపల కదిలితే ఇంట్లో ఉంటుంది. లేదంటే తూకానికి పోతుంది.

"ఇప్పటిదాంక ఎన్ని కిక్కులు కొట్టినవ్ తమ్మీ?" అనడిగాడు మేస్త్రీ.

"ఓ యాభై కొట్టి ఉంటా కాకా."

"అయితే ట్యాంకుల ఉన్న చెత్తంత కిందికి గుంజినవన్నట్టే!"

మూత తీయగానే పెట్రోల్ వాసన రాలేదు. వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఘాటు. పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోతుంది. బండి స్టార్ట్ కావాలంటే కావలసింది అదే. మిగిలింది గాలి తగిలి జిగురవుతుంది. యెజ్డీ టూ-స్ట్రోక్ బండి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. పెట్రోల్ ఆవిరైనా ఆయిల్ ఎక్కడికీ పోదుగా! కార్బొరేటర్ అడుగున బంకలా పేరుకుంది. ఇక సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి, ఆ గాలిలో తేమ, వానాకాలం రాత్రుల్లో లోపలి రేకుకు పట్టే చెమట... లైటు వేసి చూస్తే గోడలంతా ఎర్రటి తుప్పు.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కార్బొరేటర్ ఒక్కటే కడిగించి, కొత్త పెట్రోల్ పోయించి తీసుకెళతారు. నాలుగు కిలోమీటర్లు పోగానే ట్యాంకులోని తుప్పు కిందికి దిగి జెట్లలో ఇరుక్కుంటుంది. మళ్లీ మొదటికే! పైన చెరువులో బురద ఉండగా కింద తూము కడిగితే ఏం లాభం? 2024 చివర్లో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీయడం కళ్లారా చూసిన ఊరికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

మేస్త్రీ ముందు పాత పెట్రోల్ డబ్బాలోకి దించాడు. మోరీలో పారబోయనివ్వలేదు. ఆ డబ్బా తీసేదాకా షెడ్డులో బీడీ ముట్టించనివ్వలేదు కూడా. తర్వాత ట్యాంకు విప్పి, కింద ఉండే పెట్రోల్ కాక్ తీసి ఆ రంధ్రానికి బిరడా కొట్టాడు. గుప్పెడు నట్లు, కొన్ని నీళ్లు పోసి, పిల్లాడిని ఊపినట్టు ఇటూ అటూ ఊపాడు. పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ తర్వాత వచ్చింది అసలు మందు... నిమ్మఉప్పు! మన వంటింట్లో ఉండేదే. లీటరు వేడినీళ్లకు మూడు నాలుగు చెంచాల లెక్కన కలిపి ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచాడు. పండగ నాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం తెలుసు కానీ, బండి కడుపులోకీ నిమ్మ పులుపే వెళుతుందని ఎంతమందికి తెలుసు?

తెల్లారి దించితే నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. లోపలి రేకు తెల్లగా తేలింది. తినే సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఎండలో బాగా ఆరబెట్టాడు. ఆరిన వెంటనే పెట్రోల్‌లో ఆయిల్ కలిపి లోపలంతా తడిపాడు. ఎందుకంటే కడిగిన రేకును అలాగే వదిలేస్తే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది.

కార్బొరేటర్ పని అంతకంటే సున్నితం. అందులోని చిన్న జెట్టుకు ఉండే రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. చోక్ వేస్తే స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోయే బండికి సాధారణంగా రోగం అక్కడే. కొందరు దాన్ని ఇనుప తీగతో పొడుస్తారు. జెట్టు ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోయినట్టే. ఈ మేస్త్రీ రబ్బరు వాషర్లన్నీ పక్కన పెట్టి, మిగతావాటిని క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టాడు. వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రంలో చుక్కంత వెలుగు కనిపించాలి. కనిపించేదాకా నాలుగుసార్లు కొట్టాడు.

2023 జూలైలో హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు వరదలో మునిగినప్పటి సంగతులు ఇలాంటి షెడ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బురద నీళ్లు తాగిన బండిని ఏం జరుగుతుందో చూద్దామని కిక్కు కొట్టడమంత తెలివితక్కువ పని లేదు. ఇప్పుడు పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది నీటిని పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పాత బండి నెలల తరబడి ఆపేవాళ్లు కాక్ మూసి, కార్బొరేటర్ ఖాళీ చేయడం మంచిది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో దాదాపు అన్నిటికీ ఇంజెక్టరే, పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పే సాహసం చేయకండి.

మూడో రోజు పొద్దున ఐదో కిక్కుకు యెజ్డీ లేచింది. రెండు సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ, ఆ పాత చప్పుడు! వీధి సగం బయటికొచ్చింది. తల్లి మాత్రం గడపలోనే నిలబడి, "ఊర్ల తిరిగితే నడిచినట్టా? రామప్పకు పోయి రా" అంది. పంతులుగారు ఆమెను పెళ్లయిన కొత్తలో తీసుకెళ్లింది అక్కడికేనట.

ములుగు రోడ్డు మీద మేమూ వెనకే బయల్దేరాం. గూడెప్పాడ్, ఆత్మకూరు దాటేదాకా బండి హాయిగా పోయింది. మల్లంపల్లి దగ్గర ఒక్కసారిగా ముక్కి ఆగిపోయింది. కుర్రాడి మొహం వాడిపోయింది. మేస్త్రీకి ఫోన్ చేస్తే అటునుంచి ఒకటే మాట... "మూత తీసి సూడు తమ్మీ." తీయగానే 'సుయ్'మంటూ గాలి లోపలికి పోయింది. మూతకుండే సన్నటి గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయింది. గాలి చొరబడకపోతే పెట్రోల్ దిగదు! గుండుసూదితో మట్టి తీసి కొడితే రెండో కిక్కుకే పలికింది.

ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి, వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరేసరికి పదకొండయింది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. కుర్రాడు ముందు గుడివైపు చూడలేదు. బండి పక్కన గొంతుక్కూర్చుని, మేస్త్రీ పైపు మధ్యలో బిగించిన ప్లాస్టిక్ ఫిల్టర్‌ను పరీక్షగా చూశాడు. అడుగున నాలుగైదు ఎర్ర నలుసులు. అంతే. ఫోటో తీసి తల్లికి పంపించి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.