వానలో ద్రాక్షసీమ

ద్రాక్షతోటలనగానే మనకు ఫ్రాన్సు, ఇటలీ దేశాలు జ్ఞాపకం వస్తాయి. బెంగుళూరు విడిచి గంటన్నర ప్రయాణం చేస్తే, తెలుగు మాట్లాడే రైతుల ద్రాక్షపందిళ్ళే కనిపిస్తాయని మనలో చాలామందికి తోచదు.

శ్రావణమాసంలో మా ఆఫీసుకు మూడురోజులు సెలవులు కలిసివచ్చాయి. లోపల పడుకోవడానికి వీలున్న వ్యాను ఒకటి బాడుగకు మాట్లాడి, స్టౌ, బొంతలు, పులిహోర డబ్బా సర్దుకొని బయలుదేరాము. మా అత్తగారు, మా ఆవిడ, పిల్లలిద్దరు, నేను. దేవనహళ్ళి దాటకముందే పట్టుకున్న జల్లు మూడురోజులూ మమ్మల్ని విడువలేదు. పిల్లలకు అదే పండుగ.

నంది గ్రామంలో భోగనందీశ్వరుని దర్శించి చిక్కబళ్ళాపురం వైపు సాగాము. దారికిరుపక్కలా రాతికంబాల మీద తీగెలు, వాటి కింద నేరేడుపండు రంగు గుత్తులు. ఇవే బెంగుళూరు బ్లూ ద్రాక్షలు. తోలు మందం, వాసన ఘుమఘుమ. రసానికి, జాముకు మంచి పేరు. 2013లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడే పండే దిల్‌ఖుష్ ద్రాక్ష మన హైదరాబాదులో పేరుపొందిన అనాబెషాహి సంతతిదే.

కొండలకు పడమట, దొడ్డబళ్ళాపురం తాలూకాలో వైను తోటలున్నాయి. 1988లో గ్రోవర్ వారు అక్కడ ఫ్రెంచి జాతులు నాటారు. చల్లని దేశాల్లో తీగె చలికాలమంతా నిద్రపోతుంది. మనకు అంత చలి లేదు గనుక కత్తిరింపుతోనే దానిని అదుపులో పెట్టాలి. వైను ద్రాక్షను వానలు తగ్గేవేళకు కత్తిరించి, ఎండలు ముదిరేలోగా కోస్తారు. బెంగుళూరు బ్లూ అలా కాదు. ఏటా రెండు కాపులు. రెండవ కాపుకు వాన తప్పదు.

ఆ తప్పనిదేమిటో ఒక తోటలో కళ్ళారా చూశాము. పందిరి కింద తలదాచుకుంటామంటే ఆ రైతు రమ్మన్నాడు. గుత్తుల్లో సగం పండ్లు పగిలి ఉన్నాయి.

"మైలుతుత్తం, సున్నం కలిపి కొడితే సాయంత్రానికి వాన కడిగేస్తుంది సామీ. బేరగాడు నిన్న చెప్పిన ధర ఈరోజు చెప్పడు" అన్నాడు.

ఆ మందు 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో పుట్టింది. తీగెలతోపాటు వాటి రోగమూ, మందూ కూడా సముద్రాలు దాటాయన్నమాట! మా అమ్మాయి చేతిలో అతడు మంచి గుత్తి ఒకటి పెట్టాడు. డబ్బివ్వబోతే, "బిడ్డకిచ్చినదానికి లెక్కేమిటి?" అని తీసుకోలేదు. వ్యాను కదిలాక పిల్లలు వాన పాట పాడబోతే మా అత్తగారు మెల్లగా వారించారు.

మరునాడు బాగేపల్లి చేరాము. అక్కడ పందిళ్ళు లేవు. రాళ్ళగుట్టలు, వేరుసెనగ చేలు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి ఇటుగానే పుట్టపర్తి వైపు పోతుంది. కాఫీహోటలులో ఒక ముసలాయన చేతులు జోడించి ఆకాశానికి మొక్కాడు. "ఇంకో రెండునాళ్ళు ఇట్లే పడితే చేను నిలుస్తుంది, నాయనా" అన్నాడు. నిన్నటి మేఘమే, నిన్నటి వానే!

చేలూరు మీదుగా చింతామణికి వచ్చేసరికి సంతదారిలో టమోటా బుట్టలపై గోనెలు కప్పుతున్నారు. అక్కడినుంచి కైవారం. గాజులమ్మి బ్రతికి, తెలుగు కన్నడాలు రెంటిలోనూ తత్త్వాలు చెప్పిన నారాయణ తాతయ్య ఊరది. గుడి మంటపంలో కూర్చొని తడిబట్టలు ఆరబెట్టుకున్నాము.

"అమ్మమ్మా, వాన పడాలని మొక్కేదా, ఆగాలని మొక్కేదా?" అని మావాడు అడిగాడు.

"చేనుకు కావలసినంత చేనుకు, తోటకు కావలసినంత తోటకు ఇమ్మని మొక్కు" అన్నారు మా అత్తగారు.

సోదరులెవరైనా ఆ దారిన వెళ్తే తోటల గట్టునే పండ్లు కొనండి. వానరోజున మాత్రం బేరమాడకండి.